కట్టుకథల వరసలో బట్టీ తల్లి

భిలాయి పవర్ హౌస్ కూరగాయల బజారులో సత్యలక్ష్మి నవ్విన నవ్వు దగ్గర కదూ మనం అచ్చమ్మను వదిలిపెట్టాం! మనవరాలు అమ్ము రాసిన కథ హైదరాబాదు వాళ్ళ పోటీలో చివరి అయిదింటిలోకి వచ్చిందని తెలిసి, అదేదో భక్తి కథల పోటీ అనుకుని, అచ్చమ్మ పూజగదిలోని బట్టీ తల్లి ముందు దీపం పెట్టి, రుఆబాంధా క్వార్టర్లలో తమ లైనంతటికీ చలిమిడి పంచింది. ఆ మర్నాడు బజారులో కనబడ్డ సత్యలక్ష్మి, "అదేటి పిన్నీ, కట్టుకథల ప్రైజుకి సలిమిడి పంచినావు? అందులో అన్నీ మరమనుషులూ, చంద్రమండలాలూనట కదా!" అని నలుగురూ వినేలా నవ్వింది.

అచ్చమ్మ ఏరిన బెండకాయలు తక్కెడలోనే వదిలేసి ఆటో ఎక్కింది.

"క్యా హువా అమ్మా, ఘర్ మే సబ్ ఠీక్?" అని అడిగాడు ఆటో అతను, ఆమె వాలకం చూసి.

"కుఛ్ ఠీక్ నహీ హై భయ్యా. జల్దీ చలో" అంది అచ్చమ్మ. దారి పొడుగునా కొంగు బిగించి పట్టుకునే కూర్చుంది. తల్లీ, నిన్ను ఎవరి పక్కన కూర్చోబెట్టింది ఈ పిల్ల అని లోపల ఒకటే మాట.

ఇంటికి వచ్చేసరికి మరియమ్మ హాల్లో ఉంది. గోడకు గోడ ఆనుకున్న పక్క క్వార్టరు ఆమెది. కృష్ణా జిల్లా నుంచి కాపురానికి వచ్చి, అచ్చమ్మతో కలిసి నెరిసిన మనిషి. అమ్ము కథ పోటీలో నెగ్గుకొచ్చిందని రవ్వ కేకు చేసి తెచ్చింది. అచ్చమ్మ భర్త అప్పలసూరి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కేకు చప్పరిస్తున్నాడు. ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక వయసుతో పాటు ఆయనకు చెవులు మందగించాయి. అయితే తనకు కావలసిన మాటలు మాత్రం ఎలాగో వినబడతాయి.

"ఒలే అమ్మూ!" చెప్పులు గుమ్మం బయట విసిరేస్తూనే అడిగింది అచ్చమ్మ. "ఆ పోటీ దేనికే?"

"బతాయా థా నా నానమ్మా. కథల పోటీ."

"కథల్లో ఏ కథలకి?"

"సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ."

"తెలుగులో సెప్పు."

అమ్ము తెలుగు మాట కోసం తడుముకుంది. పక్కనున్న మరియమ్మ సాయం చేద్దామనుకుని, "అంటే వదినా, లేనివి ఉన్నట్టు రాసే కథలు" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

అచ్చమ్మ చాప మీద కూర్చుంది. "సదువు. మొదట్నుంచి సదువు. మా తల్లి ఎవరి సరసన కూకుందో నానూ వింటాను."

అమ్ము ఫోను తీసింది. "ఒకటి, 'చంద్రుడి మీద రేషను కార్డు'. చంద్రుడి మీద మనుషులు కాపురాలు పెడతారు. అక్కడ కూడా క్యూలో నిలబడతారు."

"క్యూలుంటే కట్టుకథ ఎలాగవుద్ది? నిజమే" అన్నాడు అప్పలసూరి.

"నువ్వూరుకో. రెండోది?"

"'మరమనిషి పౌరోహిత్యం'. ఒక రోబో పెళ్ళి చేయిస్తుంది."

"దానికి తానం ఎవులు సేయించినారు? మడేటి, మంత్రమేటి? తాళి కట్టేవేళకి కరెంటు పోతేనో?" అచ్చమ్మ గొంతు పెరిగింది. "దాన్ని రాసినోడికి సిగ్గునేకపోతే, ఏరినోళ్ళకైనా ఉండొద్దా?"

"మూడోది, 'వంటింట్లో మూడో చెయ్యి'. పని ఎక్కువై ఒకావిడకి ఇంకో చెయ్యి మొలుస్తుంది."

"ఆ చెయ్యి ఎక్కడ దొరుకుద్దో కనుక్కోవే తల్లీ, నాకొకటి కావాల" అంది మరియమ్మ. ఎవరూ నవ్వకపోయేసరికి కేకు పళ్ళెం సర్దింది.

"నాలుగు, 'సముద్రం కింద వీధి'. ఊరు మునిగిపోతే జనం నీళ్ళలోనే ఉండిపోతారు. ఇల్లు వదలరు."

అచ్చమ్మ గొంతు తగ్గింది. "ఇది పరవానేదు. పాపం" అంది. "అయిదు?"

"అయిదు మనదే" అంది అమ్ము మెల్లగా. "'బట్టీ తల్లి రైలెక్కింది'."

ఇక్కడ ఆ తల్లి సంగతి రెండు మాటలు చెప్పాలి. అప్పలసూరి తల్లి శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కొడుకుతో భిలాయికి వచ్చినప్పుడు, ఇంటి అమ్మవారిని ఇత్తడి ఘటంలో వెంట తెచ్చుకుంది. తల్లికి కూడా రైలు టికెట్టు కొంది. కిటికీ పక్క సీటులో ఘటాన్ని కూర్చోబెట్టి, తాను కింద కూర్చుంది. ఆ తల్లి కొన్నేళ్ళు ఈ ఇంట్లో దీపం అందుకున్నాక, ఇంటింటా ఇత్తడిచ్చి స్టీలు సామాన్లు తెచ్చుకునే రోజులు వచ్చాయి. ఉక్కు ఊళ్ళో ఉండి ఇత్తడి తోముకోవడం ఏమిటని ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు. అప్పలసూరి పాత సామాన్ల గోనె సంచి ఎత్తి స్టీలు బేరగాడికి ఇచ్చేశాడు. సున్నాలు వేసినప్పుడు ఘటాన్ని ఆ సంచిలోనే భద్రం చేశారన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. ఘటం చేతులు మారి పక్కనున్న కోహ్కాలో ఒక కంచరి బట్టీలో పడింది. పక్క బిందెలన్నీ నీరైపోయినా, అది మాత్రం కరగలేదు. కంచరి భయపడి, ఎవరి తల్లో వాకబు చేసుకుంటూ, ఎండలో చెప్పుల్లేకుండా దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి అప్పగించాడు. ఆ రోజు నుంచి ఆమె బట్టీ తల్లి అయింది. ఏటా తల్లి సంబరానికి ఘటం నెత్తిన ఎత్తేది అచ్చమ్మే. అమ్మును ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన రోజుల్లో అచ్చమ్మ చెప్పిన కథ ఇదే. అమ్ము రాసింది కూడా ఇదే.

"కథ కింద ఏదో రాసినారు. అదేటి?" అచ్చమ్మ వేలు ఫోను మీద ఆగింది. ఆమెకు పెద్ద చదువు లేదు గానీ, తెలుగు అక్షరం కనబడితే వదలదు.

"జడ్జీల మాట. వద్దులే నానమ్మా."

అచ్చమ్మ ఫోను లాక్కుని కూడబలుక్కుని చదివింది. "రచయిత్రి సృష్టించిన బట్టీ తల్లి అనే దేవత... ఈ అయిదింటిలోనూ అపురూపమైన కల్పన."

అమ్ము ఫోను కోసం చేయి చాచింది.

"నువ్వు సృష్టించినావా?" అంది అచ్చమ్మ. అరవలేదు. అరిచినా బాగుండునని అమ్ముకు అనిపించి ఉంటుంది. "మీ నాన్న పుట్టకముందు నుంచి ఈ ఇంట దీపం అందుకున్న తల్లిని నువ్వు సృష్టించినావా అమ్మూ?"

"నేను అలా రాయలేదు! వాళ్ళు అనుకున్నారు."

"నువ్వు పంపినావు గనక అనుకున్నారు."

"సునో నా నానమ్మా. ఫాంటసీ మతలబ్ ఝూఠ్ కాదు, అబద్ధం కాదు. వేరే పత్రికకి పంపితే ఘటం ఎందుకు కరగలేదో కారణం రాయి అంటారు. వీళ్ళొక్కళ్ళే అడగరు. తల్లిని తల్లిలాగే ఉండనిస్తారు."

"అడగరు. ఎందుకడుగుతారు? నమ్మితే కదా అడగడానికి!"

అమ్ము కళ్ళు నిండాయి. వీధిలో హిందీ, బళ్ళో హిందీ, స్నేహితులతో హిందీ. తెలుగు అక్షరాలు ఆమెకు నేర్పింది నానమ్మే, గోడ మీది క్యాలెండరులో తిథుల పేర్లు చూపించి. తెలుగులో ఆమె రాసిన మొదటి కథ ఇది. ఆ సంగతి అచ్చమ్మకూ తెలుసు. తెలుసు గనకే కోపం ఎటు పోవాలో తెలియడం లేదు.

"వదినా, నేనొక మాటంటా" అంది మరియమ్మ. "మా ప్రభువు నీళ్ళ మీద నడిచిన సంగతి ఇట్టాంటి లిస్టులో కనబడితే, మా అబ్బాయి జార్జి రైలెక్కి పోయి హైదరాబాదులో తగువేసుకునేవాడు."

"మరి నువ్వో?"

"నేనా... ముందు రాసినోళ్ళు ప్రేమతో రాశారా, ఎగతాళికి రాశారా అని చూసేదాన్ని."

ఆ మాట అచ్చమ్మ చెవిన పడింది. మనసులోకి దిగేలోపల గేటు చప్పుడైంది.

వచ్చినవాడు తిరుమలరావు. లైను మొదటి క్వార్టరు ఆయనది. సంబరాల కమిటీకి ప్రెసిడెంటు. వరసకు అచ్చమ్మకు తమ్ముడవుతాడు, అక్కని 'అప్పా' అంటాడు. ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఫోనుతో వచ్చి, కూర్చోమనక ముందే కూర్చున్నాడు.

"బావా, బాగున్నావా?"

"రవ్వతోటే సేసింది" అన్నాడు అప్పలసూరి, కేకు చూపించి.

తిరుమలరావు ఆయన్ని వదిలేసి ఇటు తిరిగాడు. "అప్పా, మన గ్రూపులో పొద్దుట్నుంచి ఒకటే గోల. మన అమ్మవారు ఉత్తుత్తి అమ్మవారట. ఈ గుంట కల్పించిందట. ఏటిది? పక్క సెక్టార్లోళ్ళందరూ ఫోన్లు సేసి నవ్వుతున్నారు. ఎల్లుండి ఆదివారం సంబరం ఎట్టుకుని ఇదేటి పని?"

"నానూ అదే అడుగుతున్నాను తమ్ముడూ."

"అడగడం కాదు. ఆ హైదరాబాదోళ్ళకి ఫోన్ సెయ్యి. ఇది నిజంగా జరిగింది, మీ లిస్టులోంచి తీసీయండి అని సెప్పు. నేకపోతే ఆదివారం ఘటం ఎత్తేది నువ్వు కాదు. కమిటీ తీర్మానం అయిపోయింది. మరో ముత్తైదువని సూసుకుంటాం."

అచ్చమ్మ చేయి చాప అంచును పట్టుకుంది. అత్తగారు పోయిన నాటి నుంచి ఆ ఘటం మరొకరి నెత్తికి ఎక్కలేదు. ఏడాదంతా ఎన్ని నొప్పులున్నా, ఆ పూట మాత్రం మెడ నిటారుగా నిలబడుతుంది. ఆ బరువు తనను మోస్తోందా, తాను దాన్ని మోస్తోందా అని అడుగుతుంటుంది ఆమె, తనలో తానే.

"కథ మొత్తం సదివినాను" అన్నాడు తిరుమలరావు. "ఒక్క ముక్క మాత్రం ఒప్పుకుంటాను, బాగా రాసింది. కంచరి ఘటం తెస్తే మన లైనోళ్ళందరూ డప్పులతోటి ఎదురెళ్ళడం, పెద్దలు ఆడి కాళ్ళు కడగడం. సదూతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. మిగతాది ఏటి రాసిందో దానికే తెలీదు. ఒక్క వాక్యం తిన్నగా రాయడం రాని హిందీ గుంటకి తెలుగు కథలెందుకప్పా?"

మరియమ్మ తలెత్తి అచ్చమ్మ వైపు చూసింది. అచ్చమ్మ చూపు తప్పించింది.

"తిట్టే పని నాది తమ్ముడూ" అంది. "నా మనవరాల్ని నాను తిట్టుకుంటాను. నువ్వు తల్లి గురించి మాటాడ్డానికొచ్చినావు, తల్లి గురించే మాటాడు." తర్వాత అమ్ము వైపు తిరిగింది. "ఫోను సెయ్యి వాళ్ళకి."

"నానమ్మా, ప్లీజ్!"

"సెయ్యమన్నాను."

అమ్ము నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను చాప మీద ఉంచింది. అవతల పలికింది పోటీ నడిపే యుగంధర్. మర్యాదస్తుడే. అచ్చమ్మ తానెవరో చెప్పుకుని, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"బాబూ, మా తల్లిని ఎవులూ కల్పించనేదు. ఆ ఘటం మా ఇంట్లో ఉన్నాది. పొద్దుటే పసుపు రాసినాను, నా సేతికి ఇంకా వాసన ఉన్నాది. మీరు ఏ నోటితో కల్పన అన్నారు? సూసినారా, కనుక్కున్నారా? దూరంగా ఉన్నోళ్ళ దేవుళ్ళు మీకు కథలైపోతారేటి? మీ ఇంటి దేవుణ్ణి ఆ మరమనిషి పక్కన కూకోబెడతారా?"

"అమ్మా, క్షమించండి" అన్నాడు యుగంధర్. "ఆ వాక్యం రాసింది నేనే. మాకు తెలియలేదు. తెలుసుకుని రాయాల్సింది. ఇవాళే సరిచేస్తాను."

తిరుమలరావు ముందుకు వంగాడు. "సరిసెయ్యడం కాదు సార్. కథ తీసీయండి."

"అది కూడా అడగాలి" అన్నాడు యుగంధర్ ఇబ్బందిగా. "జరిగినదాన్ని జరిగినట్టే రాసినవి ఈ పోటీకి కుదరవు. అది మా నియమం. అమ్మా, అమ్ముగారి కథ మా అందరికీ ప్రాణం. కానీ అంతా జరిగిందేనని మీరంటే, జాబితాలోంచి తీసెయ్యక తప్పదు. ఎక్కడైనా ఒక్క చోటైనా కల్పితం ఉందంటే ఉంచుతాం. రుజువులేం అక్కర్లేదు, మీ మాట చాలు. చెప్పండి, ఆ కథలో కల్పించింది ఏదైనా ఉందా?"

"నేదు. ఒక్క అక్షరం నేదు" అన్నాడు తిరుమలరావు. "సెప్పీ అప్పా."

చెప్పేస్తే అయిపోతుంది. ఆదివారం ఘటం తన నెత్తిన ఉంటుంది, తల్లి పేరు కట్టుకథల వరసలోంచి బయటికి వస్తుంది. అమ్ము మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఆ పిల్ల మళ్ళీ తెలుగులో రాయదని అచ్చమ్మకు తెలిసిపోయింది. అయినా అది కాదు ఆమెను ఆపింది. తల్లి ముందు అబద్ధం ఆడకూడదు. అన్నీ నిజమేనని అంటే అది అబద్ధం అవుతుంది.

"ఉన్నాది బాబూ" అంది అచ్చమ్మ. "ఒక్క ముక్క ఉన్నాది."

అమ్ము తలెత్తింది. "నానమ్మా, నేనేం కలపలేదు! నువ్వు చెప్పిందే..."

"నువ్వు కలపనేదే. నాను కలిపినాను." అచ్చమ్మ ఫోను వైపు కాదు, తిరుమలరావు వైపు చూస్తోంది. "బట్టీ నిజం. ఘటం కరగకపోవడం నిజం. కంచరి ఎండలో రావడం నిజం. మా లైనోళ్ళు ఎదురెళ్ళడమే కల్పితం. డప్పులూ నేవు, కాళ్ళు కడగడమూ నేదు. తుక్కులో పడి, ఊరోళ్ళ సేతులు మారి వచ్చిందని, మైలపడిపోయిందని, ఆ కంచరి తలుపు కొడితే మనోళ్ళు ఒక్కరూ తియ్యనేదు. నాను రేషను సరుకులు ఎత్తుకొస్తూ నా కళ్ళతో సూసినాను. మొదట కొట్టింది లైను మొదట్లో తలుపే. అవునా కాదా తమ్ముడూ?"

తిరుమలరావు చొక్కా కాలరు సర్దుకున్నాడు. "అప్పటి రోజులు వేరప్పా. పెద్దోళ్ళు ఏటంటే అదే..."

"వేరే. కానీ తల్లి అదే కదా? తర్వాత షెడ్డు ఏసినారు, మైకులు ఎట్టినారు, కమిటీలు కట్టినారు. ఇప్పుడెవడో కల్పన అన్నాడని మీకు పౌరుషం వచ్చింది. ఆ పూట తల్లి ఎండలో నిలబడితే రానేదేటి?" అచ్చమ్మ అమ్మును వేలితో చూపించింది. "ఈ గుంటకి అన్నం తినిపిస్తూ ఆ మాట ఎలాగ సెప్పేది? మనోళ్ళు తలుపులేసుకున్నారని ఎలాగ సెప్పేది? అందుకని డప్పులు ఎట్టినాను. అది ఆ డప్పులే నిజమనుకుని రాసింది."

"చాలు వదినా" అంది మరియమ్మ, లేచి.

"సాలదు. తలుపు తీసింది ఎవులో కూడా రాయాలి కదా" అంది అచ్చమ్మ, మరియమ్మ చేయి పట్టుకుని ఆపుతూ.

తిరుమలరావు కుర్చీ దిగి చాప మీదికి వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోతున్నా చూసుకోలేదు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అప్పా, అప్పా. ఒక్క మాట. కథ లిస్టులోనే ఉండనీ. నానే గ్రూపులో సెప్తాను, మన పిల్లకి పేరొచ్చిందని. ఘటం నువ్వే ఎత్తు. తీర్మానం సింపీస్తాను. ఆ ముక్క మాత్రం తీసీ. ఇంకేదైనా కల్పితమని సెప్పు. రైలు టికెట్టు కల్పితమని సెప్పు. ఎవులికి నష్టం?"

రైలు టికెట్టు! అత్తగారు కిందన కూర్చుని తల్లికి ఇచ్చిన సీటు!

"అమ్మా, వింటున్నారా?" అని పలికింది ఫోను. "ఇది చాలా పెద్ద మాట. కథతో పాటు అచ్చువేస్తే మీకు ఇబ్బంది లేదు కదా? వేయమంటే ఇప్పుడే రాసుకుంటాను."

అమ్ము గబుక్కున వచ్చి నానమ్మ భుజం పట్టుకుంది. "వద్దు నానమ్మా. నేనే తీసేసుకుంటాను కథని. ఘటం పోగొట్టుకోకు. ముఝే నహీ చాహియే, నాకొద్దు."

అచ్చమ్మ ఆ చేతి మీద తన చేయి వేసింది. పూజగది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దీపం ఎర్రగా కనబడుతోంది. తల్లీ, నిన్ను నెత్తిన పెట్టుకోవడానికి నీ మీద అబద్ధం చెప్పాలా, నువ్వే చెప్పు అని అడిగింది. తల్లి ఏం చెప్పిందో ఆమెకే తెలుసు.

"రాసుకో బాబూ" అంది, మరియమ్మ వైపు చూస్తూ. "ఆ రోజు తలుపు తీసింది..."

తిరుమలరావు చేయి సర్రున చాప మీదికి పోయింది. ఫోను లాక్కుని, ఎర్ర గుర్తు నొక్కేశాడు. యుగంధర్ గొంతు తెగిపోయింది.

చెవులు వినబడని అప్పలసూరి కూడా కేకు పళ్ళెం కింద పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అంతలో తిరుమలరావు గుప్పిట్లో ఫోను మళ్ళీ మోగింది. అచ్చమ్మ అరచేయి చాచింది.

"ఇయ్యి తమ్ముడూ."